డెబ్భై ఆరు వారి సంబంధం

ఉప్పల్ వాస్తవ్యులు శ్రీ ఉమామహేశ్వర్ గారు తమ ఏకైక కుమార్తె నీరజను ఎదురింటి మహిపాల్ గారి కుమారుడు జీవన్‌కు ఇచ్చి వివాహం చేయడానికి మనస్ఫూర్తిగా అంగీకరించారని తెలియజేయడానికి కాలనీ సంక్షేమ సంఘం గర్విస్తున్నది. రెండు కుటుంబాలదీ ఒకే కులం కాదు. ఒకే ప్రాంతమూ కాదు. వధువు వారిది కాకినాడ, వరుడి వారిది జనగామ. ఒకరింట్లో పచ్చిపులుసు ఉంటే గాని ముద్ద దిగదు, ఇంకొకరింట్లో ఆవకాయ లేకపోతే అది భోజనం కిందికే రాదు. ఇవేవీ అడ్డు రాలేదు. పిల్లలు ఇష్టపడ్డారు, పెద్దలు సరేనన్నారు. మనుషులు ఇంత ఎదిగిపోయారా అని కాలనీ అంతా ముక్కు మీద వేలేసుకుంది. ఆ వేలు దించే లోపలే అసలు చిక్కు బయటపడింది. అమ్మాయిది ముప్పై తొమ్మిది, అబ్బాయిది డెబ్భై ఆరు.

వయసులు కావు. పిన్‌కోడ్లు.

ఈ కాలనీ ఉప్పల్‌కూ నాచారానికీ మధ్య ఉంది. మధ్య అంటే ఏదో మాటవరసకు చెప్పే మధ్య కాదు. కాలనీ నడివీధికి దక్షిణం వైపు ఇళ్ళకు ఉత్తరాలు ఉప్పల్ నుంచి వస్తాయి, వాటి పిన్‌కోడ్ 500039. ఉత్తరం వైపు ఇళ్ళకు నాచారం నుంచి వస్తాయి, వాటిది 500076. ఆ వీధి ఎంత వెడల్పంటే, ఒక ఇంట్లో పోపు పెడితే ఎదురింట్లో తుమ్ముతారు.

ఉమామహేశ్వర్ గారు కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ ఒకదానిలో శాస్త్రవేత్తగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. దక్షిణం వైపు గోకులం అపార్ట్‌మెంటులో మూడో అంతస్తు ఆయనది. కాలనీ సంఘానికి అధ్యక్షులు కూడా ఆయనే. మహిపాల్‌ది ఉత్తరం వైపు సొంత ఇల్లు. నాచారం పారిశ్రామికవాడలో గేట్లు, గ్రిల్స్ చేసే షెడ్డు నడుపుతాడు. ఇద్దరూ కొన్నేళ్ళుగా ఒకే చోట పాలు కొన్నారు, ఒకే మంగలి దగ్గర తలలు వంచారు, ఒకే ట్యాంకరు కోసం బిందెలతో నిలబడ్డారు. ఎవరి తల మీద ఏ అంకె ఉందో అప్పటికి ఇద్దరికీ తెలియదు. అజ్ఞానంలో ఉన్న సుఖం అది.

జ్ఞానం పంద్రాగస్టు నాడు వచ్చింది. జెండా ఎగరేశాక ఉమామహేశ్వర్ గారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఈ రోజు స్వాతంత్ర్య దినోత్సవమే కాదు, పిన్‌కోడ్ జయంతి కూడా. డెబ్భై రెండో సంవత్సరంలో సరిగ్గా ఇదే రోజున మన దేశానికి ఆరంకెల పిన్‌కోడ్ ప్రసాదించారు. ప్రవర చెప్పుకునేటప్పుడు మనం ఏం చేస్తాం? మూలపురుషుడితో మొదలుపెట్టి మన దాకా వస్తాం. పిన్‌కోడూ అంతే. మొదటి అంకె అయిదు. తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక మూడూ ఆ అయిదు సంతానమే. రాష్ట్రం రెండైంది గాని, అయిదు మాత్రం విడిపోలేదు! మొదటి రెండంకెలు కలిస్తే శాఖ. మూడు కలిస్తే ఉత్తరాలను వేరుచేసే జిల్లా, దాన్ని సూత్రం అనుకోండి. ఇక చివరి మూడంకెలు మన తపాలా కార్యాలయం. అదే గోత్రం! గోత్రం తెలియని మనిషీ, పిన్‌కోడ్ లేని కవరూ ఎక్కడికీ చేరవు."

జనం చప్పట్లు కొట్టారు. రెండు వైపుల వాళ్ళూ కొట్టారు. ఇంకా లడ్డూలు పంచలేదు మరి.

ఆ ప్రసంగాన్ని కాలనీ మరిచిపోయేదే. కానీ దసరా వెళ్ళాక పది నిమిషాల్లో సరుకులు తెచ్చిచ్చే యాప్ ఒకటి ఆ ప్రాంతానికి వచ్చింది. దాని దుకాణం ఉప్పల్‌లో. ఫోనులో 500039 కొడితే 'పది నిమిషాల్లో మీ ముందుంటాం' అని ఆకుపచ్చ అక్షరాలు వచ్చేవి. 500076 కొడితే 'క్షమించండి, మీ ప్రాంతానికి ఇంకా రాలేదు' అని వచ్చి, పక్కన ఏడుస్తున్న బుట్ట బొమ్మ ఒకటి కనిపించేది. సరుకులు తెచ్చే కుర్రాడు మహిపాల్ గేటు ముందే బండి ఆపి, రోడ్డు దాటి గోకులంలో కొత్తిమీర ఇచ్చి వెళ్ళేవాడు. మహిపాల్ భార్య దుర్గమ్మ ఆ కొత్తిమీరను కళ్ళారా చూసేది, వాసన కూడా వచ్చేది, కానీ తెప్పించుకునే అర్హత లేదు. కొన్నాళ్ళు ఉమామహేశ్వర్ గారి భార్య మంగతాయారు తమ చిరునామా మీద ఆమెకు సరుకులు తెప్పించి ఇచ్చింది. పైవాళ్ళు కిందివాళ్ళకు చేసే సాయానికి ఒక మధురమైన లక్షణం ఉంది. చేసినవాళ్ళు దాన్ని మరిచిపోరు. మంగతాయారు ఒకసారి మాటల మధ్యలో "పాపం, మీ వైపు ఏమీ రావు కదా దుర్గమ్మా" అంది. 'మీ వైపు' అన్న మాట ఆ వీధిలో మొదటిసారి పుట్టింది అప్పుడే. పుట్టీ పుట్టగానే నడవడం నేర్చుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నీరజ, జీవన్ తమ సంగతి ఇళ్ళల్లో చెప్పారు. నీరజ నాచారంలో మందుల కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తుంది. జీవన్ రైల్వేలో ఉద్యోగి, చర్లపల్లి కొత్త టెర్మినల్‌లో పని. ఉమామహేశ్వర్ గారు రెండు రోజులు గంభీరంగా ఉండి, మూడో రోజు ఒప్పుకున్నారు. ఆయన నిజంగానే మంచి మనిషి. కులాల గురించి అడిగిన బంధువులను ఫోనులోనే కడిగిపారేశారు. "మనం ఏ యుగంలో ఉన్నామండీ!" అని ఆయన అరిచిన అరుపు ఎదురింటికి కూడా వినిపించి, మహిపాల్ కళ్ళు చెమర్చాయి. నిశ్చితార్థం నాడు వియ్యంకులిద్దరూ కౌగిలించుకుని బావగారూ అంటే బావా అనుకున్నారు.

ఆ సాయంత్రం ఇంట్లో మాత్రం ఉమామహేశ్వర్ గారికి ఎందుకో మనసు చివుక్కుమంది.

"ఇంకేం బెంగండీ? ఎదురిల్లే కదా. కిటికీ తీస్తే పిల్ల కనిపిస్తుంది" అంది మంగతాయారు.

"కనిపిస్తుంది మంగా. కానీ డెబ్భై ఆరులో కనిపిస్తుంది" అన్నారాయన.

చిక్కు శుభలేఖ దగ్గర బయటపడింది. వధువు చిరునామా, దాని పిన్‌కోడ్ బంగారు రంగులో లావుగా వచ్చాయి. వరుడి చిరునామా కింద ఎక్కడో చీమలు పాకినట్టు వచ్చింది. కార్డు పట్టుకుని మహిపాల్ మూడంతస్తులు ఎక్కి వచ్చాడు.

"ఏంది బావ గిది? మీది గింత లావుగ కొట్టిచ్చి, మాదేమో అద్దాలు వెట్టుకున్నా కనవడకుండ కొట్టిచ్చిన్రు?"

"లావు సన్నం కాదు బావగారూ, డిజైన్. ఉప్పల్ అంటే పదిమందికీ తెలుసు. మెట్రో ఉంది, స్టేడియం ఉంది..." స్టేడియంలో ఉమామహేశ్వర్ గారు ఒక్క ఆట కూడా చూడలేదు. కానీ ఆ క్షణంలో దానికి ఇటుకలు మోసింది తానేనన్నట్టు ఛాతీ పొంగింది.

"మా నాచారంల కంపెనీలున్నయి. మేము తయారు జేస్తం, మీరు తెప్పిచ్చుకుంటరు. గంతే ఫరక్. సరే, నువ్వు సైంటిస్టువు గదా, నువ్వే జెప్పు. డెబ్భై ఆరు పెద్దదా, ముప్పై తొమ్మిది పెద్దదా?"

"అయ్యో, ఇవి మార్కులు కావండీ, ర్యాంకులు. ఎంసెట్‌లాగా. ఎంత చిన్నదైతే అంత గొప్ప."

"అట్లయితే ఒకటో నెంబరు అబిడ్స్‌ది. మా జీవన్‌కు ఆడ పిల్ల దొరకదా?"

ఈ ప్రశ్నకు జవాబు లేదు. జవాబు లేనప్పుడు చిన్నబోకుండా ఉండటానికి మన పెద్దలు ఒక ఏర్పాటు చేసి ఉంచారు. దాని పేరు ఆత్మగౌరవం. ఉమామహేశ్వర్ గారు తన ఆత్మగౌరవం దెబ్బతిన్నదని ప్రకటించారు. మహిపాల్ కూడా ఖాళీ చేతులతో వెళ్ళడం ఇష్టం లేక, తనదీ దెబ్బతిన్నదని చెప్పి మెట్లు దిగాడు. దిగేటప్పుడు బావ అనలేదు. "వస్త సార్" అన్నాడు. ఆ 'సార్' అన్న మాట ఉమామహేశ్వర్ గారికి గుండెలో ముల్లులా గుచ్చుకుంది. వెనక్కి పిలవాలనిపించింది. కానీ అప్పటికే రెండో అంతస్తు వాళ్ళు తలుపులు తీసుకుని వింటున్నారు. పదిమంది వింటున్నప్పుడు మంచితనం చూపడానికి చాలా ధైర్యం కావాలి. అది ఆయన సర్వీసులో ఎప్పుడూ అవసరం పడలేదు.

సంగతి సంఘానికి ఎక్కింది. సంఘానికి ఎక్కిన సంగతి దిగదు. ముందుగా నడివీధిలో పసుపు రంగు గీత గీశారు. ఎవరి వైపు చెత్త వాళ్ళే ఊడ్చుకోవాలని తీర్మానించారు. దక్షిణం వాళ్ళు ఊడ్చి గీత అవతలికి నెట్టేవాళ్ళు, ఉత్తరం వాళ్ళు అంతే నిజాయితీగా వెనక్కి నెట్టేవాళ్ళు. ఆ చెత్త రోజంతా ప్రయాణంలోనే ఉండేది. క్రికెట్ ఆడే పిల్లలు బంతి గీత దాటితే 'పిన్ అవుట్' అని కొత్త నిబంధన రాసుకున్నారు. వీధికుక్కకు ఇటు రాముడు అని, అటు టైగర్ అని రెండు పేర్లు పెట్టారు. దానికి మాత్రం రెండు వైపులా అన్నం దొరికింది. ఈ వ్యవహారం మొత్తంలో బుద్ధిగా నడుచుకున్నది అదొక్కటే.

డెబ్భై ఆరు వాళ్ళు తమ వైపు వేరే సంఘం పెట్టుకుని మహిపాల్‌ను అధ్యక్షుణ్ణి చేశారు. ప్రారంభ సభలో అతను మైకు పట్టుకుని, "మనది పెద్ద నెంబరు! ఇన్నేండ్లు మనకు తెల్వనియ్యకుండ తొక్కిపెట్టిన్రు!" అన్నాడు. నెంబరు అందరి ఇంటి కవర్ల మీదా ఉన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పెద్ద ఎత్తున జేజేలు పలికారు.

నీరజ ఇదంతా చూసి చూసి ఒకరోజు తండ్రి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"నాన్నా, ఆ నెంబరు ఎందుకు పెట్టారు?"

"ఉత్తరాలు సరైన చోటికి చేరడానికమ్మా."

"నీకు ఉత్తరం వచ్చి ఎన్నాళ్ళయింది?"

ఆయనకు బ్యాంకు నోటీసులు, ఒక కళ్ళజోళ్ళ దుకాణం ప్రకటన గుర్తొచ్చాయి. మనిషి చేత్తో రాసిన ఉత్తరం ఏదీ గుర్తు రాలేదు. కూతురు జాలిగా నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన మనసు మెత్తబడింది. మధ్యాహ్నం భోజనం చేసి ఎదురింటికి వెళ్ళి మహిపాల్‌తో మాట్లాడదామని చొక్కా కూడా తొడుక్కున్నారు. గేటు దగ్గర సంఘం కార్యదర్శి ఎదురై, "అధ్యక్షా, మీరు గీత దాటుతున్నారా?" అన్నాడు. "లేదయ్యా, రోడ్డు ఎలా ఉందో చూద్దామని" అని ఆయన రోడ్డును అటూ ఇటూ పరీక్షించి, బాగుందని చెప్పి వెనక్కి వచ్చేశారు.

పెళ్ళి ఎక్కడ చేయాలన్న దాని మీద మరో యుద్ధం జరిగింది. ఉప్పల్‌లో ఫంక్షన్ హాలంటే అబ్బాయి వైపు వాళ్ళు రామన్నారు, నాచారంలో అంటే అమ్మాయి వైపు వాళ్ళు ఒప్పుకోలేదు. చివరికి రెండు సంఘాల ఉమ్మడి సమావేశం ఒక చరిత్రాత్మక పరిష్కారం కనిపెట్టింది. పిన్‌కోడ్ ఇళ్ళకు గాని రోడ్డుకు ఉండదు. రోడ్డు మీద ఎవరూ ఉత్తరాలు అందుకోరు. కాబట్టి పెళ్ళి పసుపు గీత మీదే జరగాలి. షామియానా గుంజలు సగం అటు, సగం ఇటు. పందిట్లో పీట కింద సరిగ్గా గీత వెళ్ళేలా టేపుతో కొలిచారు. వధువు దక్షిణం వైపు, వరుడు ఉత్తరం వైపు కూర్చోవాలి. వాస్తు సంగతేమిటని అడిగిన నీరజ మేనత్తను ఇద్దరు వియ్యంకులూ ఒకే గొంతుతో కసిరారు. చాలా రోజులకు వాళ్ళు ఏకాభిప్రాయానికి వచ్చింది అక్కడే.

పురోహితులు సీతారామయ్య గారు. ఆయన ఏ గొడవా తెలియకుండా వచ్చి, విభూతి పెట్టుకుని, సంకల్పం మొదలుపెట్టారు. జంబూద్వీపం, భరతవర్షం, భరతఖండం దాటి, మేరువుకు దక్షిణంగా దిగి, శ్రీశైలానికి వాయవ్యంగా తిరిగి, కృష్ణా గోదావరుల మధ్యకు వచ్చి ఆగారు.

"ఆగండి పంతులుగారూ" అన్నారు ఉమామహేశ్వర్ గారు. "కృష్ణా గోదావరుల మధ్య అంటే ఎంత జాగా ఉందో తెలుసా? నాలుగైదు కోట్ల మంది ఉంటారు. దేవుడు ఎవరి ఇంటికని వస్తాడు? పిన్‌కోడ్ కూడా చెప్పండి."

సీతారామయ్య గారు వృద్ధులు. నలభై ఏళ్ళుగా దక్షిణ తీసుకుంటున్నవారు. అడిగింది చేయడమే శాస్త్రమని వారికి అనుభవం మీద తెలిసింది. గొంతు సవరించుకుని, "ఏకోనచత్వారింశదుత్తర పంచలక్ష సంఖ్యాక తపాలా మండలే..." అన్నారు.

అంతవరకు వరుడి వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ మహిపాల్‌కు సంస్కృతం రాదు. కానీ అది తన నెంబరు కాదని మాత్రం తెలిసింది. "అయ్యగారు, గది ఎంత?"

"ముప్పై తొమ్మిది నాయనా."

"పెండ్లి కొడుకుది ఇడిసిపెడ్తరా? డెబ్భై ఆరు జెప్పున్రి."

"దానికేం భాగ్యం, షట్సప్తత్యుత్తర పంచలక్ష..."

"ముందు మాది చెప్పాలి!" అని దక్షిణం వైపు కుర్చీలు లేచాయి. "మగపిల్లగాని తరఫు ముందు!" అని ఉత్తరం వైపు కుర్చీలు లేచాయి. మేళం వాళ్ళు తాళి కట్టేశారేమో అనుకుని గట్టిమేళం వాయించేశారు. ఆ హోరులో ఎవరు ఎవరిని ఏమన్నారో తెలియలేదు గాని, అందరి మీదా అక్షతలు పడ్డాయి. ముహూర్తం దగ్గర పడుతోంది. తమలపాకులో జీలకర్ర బెల్లం ఎండిపోతోంది. సీతారామయ్య గారు దణ్ణం పెట్టి, "నాయనలారా, రెండు నెంబర్లూ కూడి సగం చేసి చెప్పమన్నా చెబుతాను. ఏదో ఒకటి తేల్చండి" అన్నారు.

అప్పుడు పీట మీద కూర్చున్న నీరజ తల ఎత్తింది.

"పంతులుగారూ, ఐదు లక్షల యాభై ఒకటి అని చెప్పండి."

మేళం ఆగిపోయింది.

"అదెక్కడిదమ్మా?" అన్నారు ఉమామహేశ్వర్ గారు.

"చర్లపల్లి నాన్నా. మేం కాపురం అక్కడే పెడుతున్నాం. ఇల్లు తీసుకున్నాం."

జీవన్ మెల్లగా అన్నాడు. "నా డ్యూటీ ఆడనే గద మామయ్య. ఈడ ఎవరింట్ల ఉన్నా రెండో ఇంటోళ్ళు బాధ పడ్తున్నరని..."

ఇద్దరు తండ్రులూ ఒకేసారి అరిచారు.

"చర్లపల్లా!"

"జైలున్న చర్లపల్లా?" అన్నారు ఉమామహేశ్వర్ గారు.

"నా కొడుకు జైలు పిన్ల ఉంటడా?" అన్నాడు మహిపాల్.

"యాభై ఒకటి అంటే అటు ర్యాంకూ కాదు..."

"ఇటు మార్కు గూడ గాదు బావా!"

ఆ 'బావా' అన్న పిలుపుతో ఉమామహేశ్వర్ గారి కళ్ళల్లో గిర్రున నీళ్ళు తిరిగాయి. పసుపు గీత మీదుగా చేతులు చాచి ఇద్దరూ ఒకరినొకరు పట్టుకున్నారు. వాళ్ళ వెనక ముప్పై తొమ్మిది వాళ్ళు డెబ్భై ఆరు వాళ్ళను ఓదార్చారు. డెబ్భై ఆరు వాళ్ళు ముప్పై తొమ్మిది వాళ్ళకు మంచినీళ్ళు తాగించారు. మనుషులను కలపడానికి ప్రేమ చాలదని, ఇద్దరూ కలిసి చిన్నచూపు చూడటానికి మూడోవాడు ఒకడు కావాలని అనుభవజ్ఞులు ఊరికే అనలేదు. ఈ కోలాహలంలో సీతారామయ్య గారు "ఏకపంచాశదుత్తర పంచలక్ష" అని గబగబా చదివేసి, జీలకర్ర బెల్లం పెట్టించేసి, తాళి కట్టించేశారు. పిల్లలిద్దరూ నవ్వుకుంటూ తలంబ్రాలు పోసుకున్నారు. పెద్దవాళ్ళెవరూ చూడలేదు. వాళ్ళు చర్లపల్లి గురించి బాధపడుతున్నారు.

మరుసటి వారం రెండు సంఘాలూ విలీనమయ్యాయి. పసుపు గీత మీద సున్నం కొట్టారు. ఆ సందర్భంగా పెట్టిన భోజనాల్లో మహిపాల్ వియ్యంకుణ్ణి ఓదారుస్తూ, "ఫికర్ జెయ్యకు బావ. నయం, అయిదు వందల తోనన్న షురువైతది. ఇంకింత ముందుకువోయి కీసర దిక్కు తీసుకుంటే అయిదు వందల ఒకటి అయితుండె. సూత్రమే మారుతుండె" అన్నాడు. నిజమేనని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కథ ఇక్కడితో సుఖాంతం కావలసింది. కానీ తపాలా శాఖ వారు పని చేస్తూనే ఉన్నారు.

ఈసారి వారు దేశం మొత్తాన్ని నాలుగు మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల వెడల్పు గల గడులుగా విడగొట్టి, ఒక్కో గడికి పది అక్షరాల కొత్త కోడ్ ఇచ్చారు. ఫోను తీసి, నిలబడ్డ చోట నొక్కితే చాలు, ఆ గడి కోడ్ వచ్చేస్తుంది. ఉమామహేశ్వర్ గారికి వార్త చదివి ఆనందంతో నిద్ర పట్టలేదు. ఊరికి ఉమ్మడిగా ఉండే అంకె కాదిది. మనిషికి ఒకటి! ఆయన పడకగదిలో మంచం మీద కూర్చుని, శ్వాస బిగబట్టి, ఫోను నొక్కారు. పది అక్షరాలు వచ్చాయి. వాటిని ఇత్తడి పలక మీద చెక్కించి, అపార్ట్‌మెంటు ద్వారం దగ్గర తన పేరు కింద బిగించారు. "ఈ కోడ్ దేశంలో ఇంకెవరికీ లేదు" అని వచ్చినవాళ్ళకు చూపించేవారు.

ఆ పలకను రోజూ తుడిచే మనిషి పోశయ్య. ఇంతసేపూ పాఠకులకు అతణ్ణి పరిచయం చేయనందుకు మన్నించాలి. అపార్ట్‌మెంటులో కూడా ఎవరూ చేయలేదు. గోకులానికి అతను వాచ్‌మన్. పార్కింగులో లిఫ్టు పక్కనున్న చిన్న గదిలో భార్య సారలమ్మతో ఉంటాడు. ఆ గదికి నెంబరు లేదు. కిటికీ కూడా లేదు. ఎండాకాలం ఉడికిపోతున్నామని, ఒక ఫ్యాను బిగించమని సంఘాన్ని అడుగుతూ వస్తున్నాడు. అభ్యర్థన పరిశీలనలో ఉంది.

ఒకరోజు పోశయ్య పలక తుడుస్తూ తుడుస్తూ ఆగి, జేబులోంచి ఫోను తీసి, అక్షరం అక్షరం పోల్చుకుని, సంతోషంగా తిరిగాడు.

"సార్, గ్యాస్ కనెక్షన్ కోసమని మా రూముల నిలవడి నొక్కిన. నాది గూడ గిదే వచ్చింది సార్!"

ఉమామహేశ్వర్ గారు నవ్వారు. ఫోను తీసుకుని చూశారు. నవ్వడం ఆపేశారు. పార్కింగు గదిలోకి వెళ్ళి స్వయంగా నొక్కి చూశారు. లిఫ్టులో మూడో అంతస్తుకు వెళ్ళి నొక్కారు. మళ్ళీ కిందికి వచ్చారు. ఒకటే. ఆయన పడకగదికి సరిగ్గా కింద, మధ్యలో రెండు ఇళ్ళకు అడుగున, పోశయ్య గది ఉంది.

"ఇదెలా సాధ్యం? నేను మూడో అంతస్తు!"

"గ్యాసోళ్ళు ముందే జెప్పిన్రు సార్. దానికి పొడుగు, ఎడల్పే తెలుస్తదంట. అంతస్తులు తెల్వయంట."

ఉమామహేశ్వర్ గారు ఆ మాట విని అక్కడే స్కూటరు మీద కూలబడ్డారు. ఇన్నేళ్ళ చదువు, కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, కులాంతర వివాహం చేసిన కీర్తి అన్నీ కలిపి కట్టుకున్న అంతస్తును ఒక యంత్రం గుర్తించనని చెబితే ఎవరు మాత్రం తట్టుకుంటారు? పోశయ్య కంగారుగా నీళ్ళు తెచ్చాడు. అవి తాగుతూ ఆయన, "మన కోడ్ ఒకటేనని ఎవరికైనా చెప్పావా?" అన్నారు.

"మీరు పైకి వోయినప్పుడు మా సారలమ్మకు జెప్పిన సార్. గామె మస్తు ఖుషీ అయింది."

మధ్యాహ్నానికి ఇత్తడి పలక దిగిపోయింది. సాయంత్రానికి పడకగదిలోంచి మంచం కూడా కదిలింది. హాలులో వేసి నొక్కితే కింద చెత్తకుండీ ఉన్న గడి తగిలింది. వంటింట్లో సెప్టిక్ ట్యాంకు. పూజగది దగ్గర నొక్కితే మళ్ళీ పోశయ్యే. ఇల్లంతా తిరిగితే కింద ఏ మనిషీ కాపురం లేని గౌరవప్రదమైన గడి ఒక్క బాల్కనీయే అని తేలింది. మంచం అక్కడికి వెళ్ళింది.

"అంత పెద్ద గది ఉండగా ఈ దోమల్లో ఎందుకండీ?" అంది మంగతాయారు.

"గాలి కోసం మంగా" అన్నారాయన.

రెండో అంతస్తు, మొదటి అంతస్తు వాళ్ళు ముందు నవ్వారు. తమ పడకగదులు కూడా అదే వరుసలో ఉన్నాయని గుర్తొచ్చాక ఆపేశారు. వారం తిరగకుండా మూడు బాల్కనీల్లోనూ మూడు మంచాలు వెలిశాయి. వాళ్ళలో వాళ్ళకు కోడ్ ఒకటైనా ఫరవాలేదని, చదువుకున్నవాళ్ళ మధ్య సర్దుబాటు ఉండాలని అనుకున్నారు. మహిపాల్ ఎదురింటి మెట్ల మీంచి చూసి, "ఏంది బావ, ఎక్కువ ఉబ్బరిస్తుందా?" అని అడిగేవాడు. అవునని తల ఊపేవారు.

చైత్రం దాటి ఎండలు ముదిరాయి. పోశయ్య సంఘం ఎదుట చేతులు కట్టుకుని నిలబడి, "రూముల పండుకోలేకపోతున్నం సార్. ఇయ్యాల్టి సంది నేను, మా ఇంటిది బయట, గా బాల్కనీల కింద నులక మంచమేసుకుని పంటం" అన్నాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. ఇంత త్వరగా, ఇంత ఏకగ్రీవంగా, ఒక్క వాయిదా కూడా లేకుండా ఆ సంఘం ఏ నిర్ణయమూ తీసుకుని ఎరగదు. ఆ సాయంత్రమే పోశయ్య గదికి ఏసీ బిగించారు. గోడకు కిటికీ పెట్టించారు. కొత్త పరుపు ఇచ్చారు. బయటకు రావలసిన అవసరమే లేకుండా గదిలోనే టీవీ కూడా పెట్టారు. ఆ టీవీ ఉమామహేశ్వర్ గారి సొంత ఖర్చు. ఆయన ఆ రోజు మాట్లాడుతూ, శ్రమజీవి చల్లగా నిద్రపోయినప్పుడే దేశం నిద్రపోతుందని అన్నారు.

మన దేశంలో పేదవాడికి న్యాయం జరగదని, చదువుకున్నవాళ్ళలో మార్పు రాదని నిరాశపడే పాఠకులు ఎవరైనా ఉంటే, ఏ సాయంత్రమైనా ఆ వీధిలోకి వచ్చి చూడవచ్చు. వాచ్‌మన్ ఏసీలో ఉంటాడు, యజమానులు దోమల్లో ఉంటారు. వచ్చేటప్పుడు పిన్‌కోడ్ అడుగుతారు. కాస్త గొప్పది చెప్పండి.